కత్తి చేతికిచ్చి తప్పు పట్టిన ఆట

నన్ను ఒక ఆట మొదటిసారి తప్పు పట్టిన రోజు నాకు ఇంకా యాదికున్నది. కంప్యూటర్ తెర మీద ఊరు ఊరంతా నా మొఖం మీద తలుపులు వేసుకున్నది. ఆ ఊరిని దొంగల చేతులల్లకెళ్లి విడిపించింది నేనే.

అప్పుడు నేను మొయినాబాద్ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీల రెండో సంవత్సరం చదువుతున్న. మా ఇల్లు చేవెళ్లల. బాపుకు అక్కడ విత్తనాలు, ఎరువుల దుకాణం. తాత కాలం నుంచి మా ఇంట్ల ఒకటే మాట: దుకాణపోళ్ల నోరు తియ్యగుండాలె, చెయ్యి చల్లగుండాలె. గిరాకీ వచ్చినోళ్లు ఎంత గరమైనా బాపు గొంతు లేపంగ నేను వినలే. ఆ ఇంట్ల నేనొక్కదాన్నే వేరే తీరుగ పుట్టిన. చిన్నప్పటి నుంచి కోపం ముక్కు మీదనే. "ఈ పిల్ల ఎవరి పోలికనో" అని అమ్మ చుట్టాల ముందర నవ్వుకుంట అనేది, వాళ్లు పోయినంక నవ్వకుంట అనేది.

అప్పట్ల మా రోడ్డు పొంటి రెండు రకాల బోర్డులే లేస్తుండె. ఒకటి ఇంజనీరింగ్ కాలేజీది, ఇంకొకటి ఫామ్‌హౌస్ ప్లాట్లది. యూరియా బస్తా కోసం వచ్చిన రైతు గూడ "మీ బిడ్డ కంప్యూటరేనా సేటూ?" అని బాపును అడిగేటోడు. కంప్యూటరే అంటే "అయితే ఫికర్ లేదు" అని బస్తా భుజానికెత్తుకొని పోయేటోడు.

కాలేజీకి ఎదురుంగ ఒక అక్క ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఆమె పుట్టిల్లు హిమాయత్‌నగర్, అత్తగారోళ్లు మొయినాబాద్‌ల పాత భూములోళ్లు. ఇంట్ల మొగోళ్లంతా సర్పంచు ఎన్నికలు, మండలం రాజకీయాలు అనుకుంట జీపులల్ల తిరుగుతుంటే, రోడ్డు మీదున్న రెండు షట్టర్లు నాకియ్యిన్రి అని ఆమె అడిగి తీసుకున్నది. తాను కంప్యూటర్ ముట్టుకోకపోయేది. కౌంటర్ కాడ కూసొని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట అందరి మీద ఒక కన్ను వేసి ఉంచేది. లోపలి వరుసల రెండు సిస్టమ్‌లు ఆడపిల్లలకే. మొగపిల్లలు లైన్ల నిలబడి ఎంత గడ్‌బడ్ చేసినా ఆ రెండు మాత్రం వాళ్లకు ఇయ్యకపోయేది.

ఆ రెండు సిస్టమ్‌లల్ల ఒకటి నాది, ఒకటి నా దోస్తుది. దోస్తు రైతుల బిడ్డ. చేవెళ్లల బస్సు దిగి షేర్ ఆటోల ఇంకా లోపలికి పోవాలె వాళ్ల ఊరికి. నాకు పూర్తిగ ఉల్టా మనిషి. నడిస్తే చప్పుడు కాదు, నవ్వితే పళ్లు కనపడవు. క్లాసుల సార్ ప్రశ్న అడిగితే జవాబు తెలిసి గూడ పక్కనున్న నాకు చెప్పి నాతోటి చెప్పిచ్చేది.

మేమిద్దరం ఆడిన ఆటల ఒక సిపాయి యుద్ధం నుంచి సొంతూరికి తిరిగొస్తడు. ఊరు దొంగల చేతుల్ల ఉంటది. గల్లీ గల్లీ దాటుకుంట పోయి, నాయకుడిని పట్టుకొని, ఊరిని విడిపియ్యాలె. ఆట నాకు కత్తులిచ్చింది. విల్లు ఇచ్చింది. నిప్పు కుండలిచ్చింది. గొడ్డలి ఎట్ల తిప్పాల్నో ఒక పెద్దమనిషిని పెట్టి నేర్పిచ్చింది. కొట్లాట వద్దనుకునేటోళ్లకేమో గోడల పొంటి పాకుకుంట పోవుడు ఒక్కటే ఇచ్చింది.

నేను కత్తి తీసుకున్న. దోస్తు పాకుకుంట పోయింది.

వారం పొడుగు క్లాసులయినంక ఆడి నేను ఆఖరుకు వచ్చిన. దొంగల నాయకుడు పడిపోయిండు, గంటలు మోగినయి. ఊరోళ్లు పూలదండ వేస్తరనుకున్న. నా సిపాయి బజార్ల నడుస్తుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నయి. ఒక ముసలామె చిన్నపిల్లను కొంగు కిందికి గుంజుకున్నది. తెర మీద అక్షరాలు పడ్డయి: ఒక దొంగ పోయిండు, ఇంకొక దొంగ వచ్చిండు.

పక్క సిస్టమ్ మీద, రెండు రోజులైనంక, దోస్తు గూడ ఆఖరుకు చేరుకున్నది. ఆమె సిపాయికి ఊరంతా దీపాలు పట్టుకొని ఎదురొచ్చింది. అదే ముసలామె ఆయన చెంపలు నిమిరి ఇంట్లకు తోలుకపోయింది.

నేను కుర్చీ వెనక్కి నూకి లేచిన. ఆ చప్పుడుకు అక్క చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి వచ్చింది.

"ఏమైందే? రిజల్ట్ వచ్చిందా?"

"కాదక్క. గేమ్ నన్ను తిట్టింది."

"ఎందుకు?"

"అందరిని చంపినవని."

"కత్తి ఎవరిచ్చిన్రు నీకు?"

"గేమే ఇచ్చింది."

అక్క కడుపు పట్టుకొని నవ్వింది. "మా అత్త గూడ గట్లనే. గిన్నెలు తోమమని తనే చెప్తది, చప్పుడెందుకైతున్నదని తనే అడుగుతది."

నాకు నవ్వు రాలే. బస్సు కోసం నిలబడ్డప్పుడు దోస్తుతోటి వాదులాట పెట్టుకున్న.

"నువ్వు చంపకున్నా ఊరు బతికేది గద," అన్నది ఆమె మెల్లగ. "నేను బతికిచ్చిన గద."

ఆ మాట నిజమే. అందుకే ఇంకోసారి ఆడిన, పాకుకుంట. నా వల్ల కాలే. మూలల నక్కి కూసుంటే నా చేతులే ఊకోలే. మళ్ల కత్తి పట్టి ఆడితే అసలు సంగతి తెలిసింది. పొయ్యి కాడ నిద్రపోతున్న వంటోడిని చంపినా, పిల్లలున్న బడికి నిప్పు పెట్టబోతున్న దొంగను చంపినా, ఆ ఆటకు ఇద్దరూ ఒకటే. ఎవరిని కొట్టిన్రు, ఎందుకు కొట్టిన్రు అన్నది దానికి కనపడదు. ఎంతమంది అన్నదే కనపడుతది. నాకు మండింది దాని మీదనే. తిట్టినందుకు కాదు, చూడకుంట తిట్టినందుకు.

ఇది చిన్నపిల్లల పంచాయితీ లెక్క అనిపిస్తది. నాకు గూడ కొన్ని రోజులకు మర్చిపోవాల్సిన ముచ్చటే. బస్సుల ఆ సంగతి జరగకపోతే మర్చిపోయేదాన్నేమో.

వానకాలం. సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉన్నది. కిటికీలు మూసి ఉండి లోపల అంతా తడి బట్టల వాసన. దోస్తు నాకు జర ముందర నిలబడ్డది. ఆమె వెనక ఒక మనిషి, నలభై ఏండ్లుంటయి, మంచి ఇస్త్రీ బట్టలు. దోస్తు ఒక అడుగు ముందుకు జరిగింది. ఆయన జరిగిండు. ఆమె సీట్ల సందుల్లకు పోయింది. ఆయన గూడ పోయిండు. ఆమె బ్యాగు వీపుకు అడ్డం పెట్టుకొని డ్రైవర్ వెనకున్న కమ్మీ దాకా పోయి అక్కడ ఆగిపోయింది. దాని తర్వాత ఇంకా పోయెటందుకు జాగ లేదు.

నేను మందిని నూకుకుంట పోయిన. "ఓ పెద్దమనిషి, జరుగు," అని గట్టిగనే చెప్పిన.

"బస్సన్నంక తగుల్తది. అంత ఉంటే కారుల పో," అన్నడు, నా దిక్కు చూడకుంటనే.

చెప్పిన మాట నా నోట్లనే ఉన్నది, ఆయన చెయ్యి మళ్ల లేచింది. దోస్తు కండ్లు మూసుకున్నది. నా చేతుల స్టీలు టిఫిన్ డబ్బా ఉన్నది. దాన్ని ఆయన మొఖం మీద కొట్టిన.

ముక్కుకెళ్లి రక్తం కారింది. బస్సు ఆగింది. అందరు ఒక్కసారి మాట్లాడుడు షురూ చేసిన్రు.

"ఆడపిల్లవు, గంత కోపమేంది?"

"నోటితోటి చెప్తే సరిపోకపోవునా?"

"చెప్పిన. వినలే," అంటే ఎవరు వినలే. ఆయనకు ఎవరో రుమాలు ఇచ్చిన్రు. ఒకాయన లేచి ఆయనకు సీటు ఇచ్చిండు. రెండు చేతులతోటి కమ్మీ పట్టుకొని నిలబడ్డ నా దోస్తును, ఏమైంది బిడ్డా అని అడిగినోళ్లు ఒక్కరు లేరు.

మరునాడు ప్రిన్సిపాల్ పిలిచిండు. ఆ మనిషికి పెద్దోళ్లతోటి పరిచయాలున్నయట, ఫోన్లు వచ్చినయట. బాపును గూడ పిలిపిచ్చిన్రు. బాపు దుకాణం అంగీతోటే వచ్చిండు, జేబుల పెన్ను, చేతులకు ఇంకా ఎరువుల వాసన. నాకు తిట్టిచ్చుకునెటందుకు భయం కాదు. నా వల్ల బాపు ఒకరి ముందర తల వంచాల్సొస్తదని భయం.

"మీ అమ్మాయి చేసింది హింస," అన్నడు ప్రిన్సిపాల్. "కారణం ఏదైనా, హింస హింసే. ఆయనకు క్షమాపణ చెప్పాలె. లేకపోతే సస్పెండ్ చేయాల్సొస్తది."

బాపు కుర్చీల కూసోలే. చేతులు కట్టుకొని నిలబడి, గిరాకీతోటి మాట్లాడినట్టే మెత్తగ అడిగిండు. "సార్, ఎవరి కోసం కొట్టింది?"

"అది వేరే విషయం."

"గదే విషయం గద సార్. వేరే విషయం ఏమున్నది ఇందుల?"

ప్రిన్సిపాల్ ఏదో చెప్పబోతుంటే తలుపు తెరుచుకున్నది. నా దోస్తు. ఆమెను ఎవరు పిలవలే. క్లాసుల జవాబు చెప్పెటందుకు లేచి నిలబడని మనిషి, ప్రిన్సిపాల్ టేబుల్ దాకా నడిచొచ్చి నిలబడ్డది. టేబుల్ అంచు పట్టుకొని షురూ చేసింది.

"సార్, నన్ను ఎవరు ఏం అడగలే, అందుకే నేనే వచ్చిన. నేను జరిగిన సార్. మళ్ల జరిగిన. డ్రైవర్ దాకా పోయిన. దాక్కునే జాగ అయిపోయింది." నా దిక్కు చెయ్యి చూపింది. "ఈమె చెయ్యి లేపకపోతే నేను ఇయ్యాల కాలేజీకి రాకపోదును. రేపు గూడ రాకపోదును. ఇంట్ల చెప్తే చదువు బంద్ చేపిస్తరు, చెప్పకపోతే బస్సెక్కెటందుకు భయం. నా చదువు ఈమె డబ్బా వల్లనే ఆగకుంట ఉన్నది సార్. క్షమాపణ చెప్పాల్సింది ఈమె కాదు."

ఆమె అంత పొడుగు మాట్లాడంగ నేను వినుడు అదే మొదలు.

తలుపు కాడ ఇంకొక గొంతు వినపడ్డది. "నేను గూడ లోపలికి రావచ్చా సార్?" ఇంటర్నెట్ సెంటర్ అక్క. పొద్దున దోస్తు ఏడుస్తుంటే అడిగి తెలుసుకున్నదట, షట్టర్ సగం దించి వచ్చింది. "ఆ మనిషి మా దిక్కోడే సార్. నాకు ఎరుకే. మా మామకు చెప్పిన, సాయంత్రం వాళ్లింటికి పోతున్నరు. మీకు ఫోన్లు వస్తే మా ఇంటి నంబర్ ఇయ్యిన్రి, మేం మాట్లాడుతం."

ప్రిన్సిపాల్ అద్దాలు తీసి తుడుచుకున్నడు. చెడ్డమనిషేం కాదు. ఒక్క దిక్కు నుంచే విన్నడు, గంతే. దోస్తును కూసోమన్నడు, మంచినీళ్లు తెప్పిచ్చిండు, మొదటి నుంచి మళ్ల చెప్పమన్నడు. అంతా విన్నంక నా దిక్కు తిరిగి, "నువ్వు క్లాసుకు పో," అన్నడు. తర్వాత రెండు రోజులకు ఆ ఇస్త్రీ బట్టల మనిషి తన పెద్దోళ్ల వెంబడి వచ్చి నా దోస్తు ముందర చేతులు జోడిచ్చిండు. ముక్కుకు ఇంకా పట్టీ ఉన్నది. ఆ వారం నుంచి సాయంత్రం బస్సు వేళకు కాలేజీ వాచ్‌మన్ రోడ్డు మీద నిలబడి ముందు డోర్ల నుంచి ఆడపిల్లలను ఎక్కిచ్చేటోడు.

ప్రిన్సిపాల్ పిలిచిన రోజు నా క్లాసులయ్యేదాక బాపు ఆగిండు, ఆయన స్కూటర్ వెనక కూసొని ఇంటికి బయలెల్లిన. చిన్న మంగళారం మలుపు కాడ ఆయన స్కూటర్ నెమ్మది చేసిండు. తిడుతడేమో అనుకున్న.

"చెయ్యి నొస్తున్నదా?" అని అడిగిండు.

"లేదు బాపు. డబ్బాకు సొట్ట పడ్డది."

"జర మందం ఉన్నది కొందం," అన్నడు.

చదువు అయిపోయినంక క్లాసు క్లాసంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల దిక్కు ఉరికింది. దోస్తు పెద్ద కంపెనీల చేరి కొండకల్ దిక్కున్న మనిషిని చేసుకున్నది. నేను మాదాపూర్‌ల ఒక చిన్న గేమ్‌ల కంపెనీల టెస్టర్‌గ చేరిన. తయారైతున్న ఆటను పదే పదే ఆడి, ఎక్కడ తప్పున్నదో పట్టుకునుడే టెస్టర్ పని. ఆ తప్పుకే బగ్ అని పేరు. మా అమ్మ చుట్టాలకు చెప్పలేక తిప్పలు పడేది. "ఆటలాడుతందుకు జీతమా?" అని అందరు అడిగేటోళ్లు. "దుకాణంల తూకం సరిగున్నదా లేదా చూసినట్టు," అని బాపు సర్ది చెప్పేటోడు.

మా టీంకు పెద్ద, లీడ్ సార్, కృష్ణా జిల్లాయన. మెత్తటి మాట, అందరిని "మీరు" అనుడు. మేం చేస్తున్న ఆట ఒక విదేశీ కంపెనీ కోసం. ఎడ్లబండ్ల గుంపును ఒక కాపలా మనిషి కొండల నడుమ దారి గుండా దాటిచ్చాలె. బండ్లల్ల ముసలోళ్లు, పిల్లలు, బాలింతలు. దారి పొడుగునా దొంగలు. నక్కి పోవచ్చు, మాట్లాడి ఒప్పియ్యొచ్చు, కొట్లాడొచ్చు. ఆఖరుకు కొండకు అవతల ఒక ఊరొస్తది. కాపలా మనిషి చంపినోళ్లు ఎక్కువైతే ఆ ఊరి పెద్ద నీళ్ల చెంబు వెనక్కి తీసుకొని అంటడు: "నీ చేతులు కడుక్కో. మా నీళ్లతోటి కాదు."

మొదటిసారి ఆ మాట తెర మీద చూసినప్పుడు నాకు చిక్కుడుకాయల వాసన వచ్చినట్టయింది. మళ్ల అదే పంచాయితీ. కాకపోతే ఈసారి నేను ఆడేదాన్ని మాత్రమే కాదు, తప్పు పట్టెటందుకు జీతం తీసుకునేదాన్ని.

ఆటను అన్ని తీర్ల ఆడి చూసిన. నడుమల ఒక వంతెన ఉన్నది. దాని మీద కూసున్న దొంగ మాట వినడు, నిద్రపోడు, పక్కకెళ్లి దారి లేదు. ఆయనను, ఆయన మనుషులను కొట్టకుంట ఒక్క బండి గూడ దాటదు. ఆట తనే కొట్టక తప్పని జాగ పెట్టింది, కొట్టినంక నీళ్లియ్యనన్నది. నేను బగ్ అని రాసి పంపిన: ఆఖర్ల పెద్దమనిషి మాట తప్పు.

"బగ్ కాదు, డిజైనే గట్ల," అని డిజైన్ టీమోళ్లు నా ఫిర్యాదును మూసేసిన్రు. నేను మళ్ల తెరిచిన. మళ్ల మూసేసిన్రు. మూడోసారి తెరిచినప్పుడు లీడ్ సారే నా సీటు కాడికి వచ్చిండు.

"ఇది బగ్ ఎలా అవుతుందమ్మా? ఆట ఎక్కడా ఆగిపోవడం లేదు కదా?"

"సార్, ఒక్క పని చేయిన్రి. మీరు ఆడిన్రి. ఎవరిని చంపొద్దనుకొని ఆడిన్రి."

"నేనా?"

"మీరే సార్."

సార్ నవ్వి, చొక్కా చేతులు మడిచి కూసున్నడు. పగటి బువ్వ అయినంక మొదలువెట్టిండు. ఆయన ఆట మస్తు పద్ధతిగ ఉన్నది. ఒక దొంగను బతిమిలాడి ఒప్పిచ్చిండు. ఇంకొకడు నిద్రపోయేదాక రాళ్ల చాటున ఓపికగ ఎదురుచూసిండు. బాలింత ఉన్న బండి గుంతల పడకుంట దించిండు. మెల్లమెల్లగ పక్క సీట్లోళ్లంతా ఆయన వెనక చేరిన్రు. వంతెన వచ్చింది. సార్ అటు పోయి చూసిండు, ఇటు పోయి చూసిండు, వెనక్కొచ్చిండు. దొంగలు బండ్ల మీదికి బాణాలేస్తున్నరు. ఇగ ఏం చేస్తడు, కత్తి తీసిండు. వంతెన మీదున్నోళ్లంతా పడ్డరు. బండ్లు దాటినయి. వెనక ఉన్నోళ్లు చప్పట్లు కొట్టిన్రు.

ఊరు వచ్చింది. పెద్దమనిషి చెంబు వెనక్కి తీసుకున్నడు. "నీ చేతులు కడుక్కో. మా నీళ్లతోటి కాదు."

సార్ టేబుల్ మీద గుద్దిండు. "అదేంటండీ! నాకు ఇంకో దారి ఎక్కడ ఇచ్చారు? అందరినీ క్షేమంగా తీసుకొస్తే నన్నంటాడేంటి?"

హాలంతా ఘొల్లుమన్నది. నేను మాత్రం నవ్వు ఆపుకొని చెప్పిన. "సార్, గదే బగ్."

సార్ నా దిక్కు చూసి, తెర దిక్కు చూసి, తానూ నవ్విండు. ఆ సాయంత్రమే మమ్మల్ని కొందరిని రూముల కూసోబెట్టిండు. వంతెనకు ఇంకొక దారి పెట్టాలె అన్నది అందరం ఒప్పుకున్నం: కింద వాగుల నుంచి, కష్టమైనా సరే, ఒక దారి. ఆఖరు ఎట్ల మార్చాలె అన్న కాడ ఆగిపోయినం. పెద్దమనిషిని తీసేద్దమా అన్నరు ఒకరు. ఆయనతోటి నీళ్లు ఇప్పిద్దమా అన్నరు ఇంకొకరు.

అప్పుడు నేను బస్సు ముచ్చట చెప్పిన. ఆఫీసుల ఎవరికీ అంతకుముందు చెప్పలే. టిఫిన్ డబ్బా, రుమాలు, ప్రిన్సిపాల్ రూము, పిలవకుంట వచ్చి నిలబడ్డ నా దోస్తు. "సార్, ఆమె రాకపోతే ఆ రూముల నేను కొట్టినదాన్ని మాత్రమే. ఆమె వచ్చి మాట్లాడినంకనే సగం కథకు ఇంకో సగం దొరికింది. ఈ ఆటల గూడ బండ్లల్ల అంతమంది కూసొని వస్తున్నరు. ఆఖరుకు ఒక్కరు నోరు తెరుస్తలేరు. దారిల లేనే లేని పెద్దమనిషి తీర్పు చెప్తున్నడు."

సార్ నా మాట కాగితం మీద రాసుకున్నడు. "బాగుంది. మరి చనిపోయినవాడి తరఫున ఎవరు మాట్లాడతారు?"

ఆ మాట నాకు నచ్చలే. దొంగ తరఫున మాట్లాడుడేంది అని ఎదురుతిరిగిన. "మీరే అన్నారు కదమ్మా, ఒక్కవైపే వినకూడదని," అన్నడు సార్ మెత్తగనే. ఆ రోజు సార్ చెప్పింది నా మాట కంటే లోతుగ ఉన్నది.

అట్ల ఆఖరు మారింది. బండ్లు ఊర్లకు చేరినంక ఆడినోళ్లు ఎవరి కోసం ఏం చేసిన్రో వాళ్లే వచ్చి మాట్లాడుతరు. దొంగ బాణం నుంచి తప్పిచ్చుకున్న ముసలామె వచ్చి భుజం మీద చెయ్యి వేస్తది. చంపాల్సిన పని లేని జాగల ఎవరినన్న చంపితే ఆ మనిషి ఇంటోళ్లు వెతుక్కుంట వస్తరు. పెద్దమనిషి ఊకెనే నీళ్లు పోస్తడు. తీర్పు ఎవరు చెప్పరు. ఎవరిని ఎక్కడ ఎందుకు కొట్టిన్రో ఆట అంతా గుర్తుపెట్టుకోవాలె కాబట్టి ప్రోగ్రామర్లు తల పట్టుకున్నరు. అయినా చేసిన్రు.

ఇగ విదేశీ కంపెనీని ఒప్పియ్యాలె. సాయంత్రం ఫోన్ల మాట్లాడెటందుకు సార్ నన్ను గూడ కూసోబెట్టిండు. అవతల ఒక మేడమ్. "కొట్లాట ఎంచుకున్నవాళ్లకు తప్పు చేసినమని అనిపియ్యాలె. మీరు ఆ ఘాటు తగ్గిస్తున్నరు," అన్నది. సార్ నా దిక్కు తల ఊపిండు.

నా ఇంగ్లీషు అప్పటికి మొయినాబాద్ ఇంగ్లీషే. అయినా ఆగలే. "మేడమ్, బాధ కలగాలె. నేను ఒప్పుకుంట. కాని ఇప్పుడున్న ఆఖర్ల ఆడినోళ్లకు పెద్దమనిషి మీద కోపం వస్తున్నది. చచ్చినోళ్ల మీద జాలి వస్తలేదు. తిడితే మనిషి తన గురించే ఆలోచిస్తడు. ఎదురుంగ ఒకరొచ్చి నిలబడితే వాళ్ల గురించి ఆలోచిస్తడు."

అవతల ఆమె పక్కనోళ్లతోటి ఏదో మాట్లాడింది. తర్వాత ఆమె అన్నది: "రెండు తీర్లుగ తయారు చేయిన్రి. ఆడేటోళ్లకు ఇచ్చి చూద్దం."

బయటి మొగపిల్లలను, ఆడపిల్లలను ఆఫీసుకు పిలిచి ఆడిపిచ్చినం. పాత ఆఖరు చూసినోళ్లు పెద్దమనిషిని బూతులు తిట్టి, నవ్వి, కుర్చీల నుంచి లేచిన్రు. కొత్తది ఆడినోళ్లల్ల ఒకాయన ఉన్నడు, పెద్ద శరీరం, పెద్ద గొంతు. కనపడ్డోళ్లనందరిని కొట్టుకుంట పోయిండు. నన్నే చూసుకున్నట్టనిపిచ్చింది. ఆఖరుకు ముసలామె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఛాతీ ఉబ్బిచ్చిండు. దాని వెనక ఇంకొక ఆమె వచ్చి అడిగింది: "మా ఇంటాయన వంట చేస్తడు, కత్తి పట్టడు. ఎక్కడ పడ్డడో జర చూపిస్తవా?"

ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పెట్టిండు. తర్వాత నా దిక్కు తిరిగి, "మళ్లొక్కసారి ఆడొచ్చా?" అని అడిగిండు.

రెండోసారి చాలామందిని వదిలిపెట్టిండు. వంతెన కాడ మాత్రం కత్తి తీసిండు. కింద వాగుల దారి ఉన్నది గద, ఎందుకు కొట్టిన్రు అని అడిగిన. "ఆ రాళ్ల మీద ముసలోళ్లు నడవలేరక్క," అన్నడు. ఆ మాట ఆటల ఎక్కడా రాసి లేదు. ఆయనంతల ఆయన చూసి, ఆయనంతల ఆయన చెప్పిండు. నేను కాఫీ తెచ్చుకుంటనని చెప్పి బయటికి పోయి, ఎవరు చూడకుంట రెండు చేతులు పైకెత్తి ఎగిరిన.

మేడమ్ మా ఆఖరునే పెట్టుకున్నది. అంతే కాదు, వాళ్ల తర్వాతి ఆటకు కథ మా దగ్గర్నే రాయమన్నది. సార్ నన్ను టెస్టింగ్ నుంచి కథల టీంలకు మార్చిండు. "ఇక మీ బగ్‌లు వేరేవాళ్లు పట్టుకుంటారు, జాగ్రత్త," అన్నడు.

ఆట బయటికొచ్చినంక ఆఫీసంతా చిన్న మంగళారంల ఒక ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకొని దావత్ చేసుకున్నం. చేవెళ్ల నుంచి బాపును గూడ రమ్మన్న. స్కూటర్ మీద ముందర ఒక సంచి, వెనక ఒక సంచి మక్క కంకులతోటి వచ్చి, ఆయనే బొగ్గులు రాజేసి కాల్చి అందరికి పంచిండు. సార్ ఆయన పక్కన కూసొని కంకి వొలుచుకుంట అన్నడు: "మీ అమ్మాయి మాతో బాగా పోట్లాడిందండీ."

"గట్టిగ పోట్లాడిందా?"

"చాలా గట్టిగా."

"గెలిచిందా మరి?"

"గెలిచింది కాబట్టే ఈ పార్టీ."

బాపు నా దిక్కు చూసిండు. మొఖం నిండ నవ్వు. ఊర్లకెళ్లి పిలిచిన డప్పులోళ్లు అప్పుడే వచ్చి తీన్మార్ మొదలువెట్టిన్రు. ప్రోగ్రామర్లు, బొమ్మలేసేటోళ్లు, కృష్ణా జిల్లా సార్‌తో సహా అందరు మట్టిలకు దిగిన్రు. నేను బాపు చెయ్యి పట్టి గుంజిన. వద్దు వద్దు అనుకుంటనే వచ్చిండు, మక్క కంకి చేతుల్ల అట్లనే ఉన్నది. రెండు అడుగులు మెల్లగ వేసిండు. డప్పు జోరందుకున్నంక ఎవరు ఆపినా ఆగలే.